విమానం అద్దాన్ని కోడితో ఎందుకు కొడతారు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాయాలా, సైన్సు విషయం రాయాలా అని మా ముగ్గురిలో చిన్న తగవు వచ్చింది. మాట్లాడుకోగా రెండూ ఒకే కిటికీ దగ్గర కలుస్తాయని తేలింది.

స్టడీ హాలులో తూర్పు వైపు రెండో కిటికీ పాతవాళ్ళకు గుర్తుండాలి. క్రికెట్ బంతి తగిలి దాని గాజు పలక మూడుసార్లు పగిలింది. మూడోసారి వార్డెన్ సారు విసిగిపోయి టౌను నుంచి ప్లాస్టిక్ అద్దం తెప్పించారు. సుత్తితో కొట్టినా పగలదని షాపువాడు చెప్పి పంపాడట. వడ్రంగి వచ్చి నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు వేసి, స్క్రూలు గట్టిగా బిగించి వెళ్ళాడు. నిజంగానే ఆ తరువాత బంతి రెండుసార్లు తగిలినా అది చెక్కుచెదరలేదు. ఆ ఏడు వార్షికోత్సవానికి కిటికీలకు రంగులు వేశారు. అద్దం మీద పడ్డ ఎనామిల్ చుక్కలను కామాటి థిన్నరు గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. 1999 జనవరిలో ఒక తెల్లవారుజామున, స్టడీ అవరులో చలిగాలి కొడుతోందని ఏడో తరగతి పిల్లవాడొకడు లేచి ఆ రెక్క దగ్గరికి లాగాడు. అంతే, మూల బెజ్జం నుంచి ఎదుటి అంచు దాకా అద్దం చర్రున చీలిపోయింది.

“సుత్తికి పగలనిది నీ చేతికి పగిలిందా?” అన్నారు. మూడు నెలల కాస్మెటిక్ చార్జీలు పట్టుకున్నారు. “ఊరికే మూశాను సార్” అని వాడు ఏడుస్తూనే ఉన్నాడు. మేము అప్పుడు పదో తరగతి. అదే హాలులో ముందు వరుసలో కూర్చున్నాం. రెక్క ఎంత మెల్లగా పడిందో మా చెవులతో విన్నాం. అయినా నోరు విప్పలేదు. పగలని అద్దం పగిలిందంటే వాడు ఏదో చేసే ఉంటాడని మేమూ నమ్మాం.

వాడు ఏమీ చేయలేదని మాకు తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది. మాలో ఇద్దరం పదో తరగతి తరువాత ప్లాస్టిక్స్ డిప్లొమాలో చేరాం, ఒకరు పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకున్నారు. ప్లాస్టిక్ పరీక్షల పాఠంలో విమానం అద్దాల సంగతి వచ్చిన రోజు మాకు గుర్తొచ్చింది ఆ కిటికీయే. అందుకే ఆ పరీక్షల గురించి మాకు తెలిసినంత ఇక్కడ చెబుతాం.

విమానానికి ప్లాస్టిక్ అద్దం దేనికి?

గాజు బరువు. ఒక ఘన సెంటీమీటరు గాజు రెండున్నర గ్రాములు తూగితే, అంతే పరిమాణంలో ఉన్న ఆక్రిలిక్ సుమారు 1.2 గ్రాములే తూగుతుంది. పైగా దాన్ని వేడి చేసి బుడగలా వంచవచ్చు. జర్మనీలో ఒట్టో రోమ్ కంపెనీ 1933లో ప్లెక్సిగ్లాస్ అనే పేరుతో ఆక్రిలిక్ పలకలను తెచ్చింది. ఇంగ్లండులో అదే పదార్థం పెర్‌స్పెక్స్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ వంటి యుద్ధవిమానాల్లో పైలట్ తల చుట్టూ ఉన్న పారదర్శకమైన కప్పు ఈ ఆక్రిలిక్‌దే. రెండో ముఖ్యమైన ప్లాస్టిక్ పాలికార్బొనేట్. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే దీన్ని తయారుచేశారు.

ఇప్పటి ప్రయాణికుల విమానాల్లో పైలట్ ముందున్న అద్దం సాధారణంగా గాజు పొరలు, ప్లాస్టిక్ పొరలు కలిపి అతికించినది. మనం కూర్చునే చోట ఉండే చిన్న కిటికీ మాత్రం ఆక్రిలిక్. దాన్ని వేడి చేసి రెండు దిక్కులా సాగదీసి గట్టిపరుస్తారు. సాగదీసిన ఆక్రిలిక్‌లో పగులు అంత తొందరగా పాకదు. యుద్ధవిమానాల కప్పులకు ఆక్రిలిక్, పాలికార్బొనేట్ రెండూ వాడతారు. అమెరికా వారి ఎఫ్-16 విమానం కప్పు, మధ్యలో అడ్డుపట్టీ లేకుండా పైలట్ ముందు నుంచి తల మీదుగా సాగే పాలికార్బొనేట్ బుడగ.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు యుద్ధకాలపు ముచ్చట ఒకటి. తుపాకి గుండ్లు తగిలి ఆక్రిలిక్ కప్పులు పగిలినప్పుడు ఆ పెంకులు పైలట్ల కళ్ళలో గుచ్చుకునేవి. హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ కంటి డాక్టరు, ఆ ముక్కలు కంట్లో ఉండిపోయినా కన్ను వాచిపోకపోవడం గమనించాడు. ఆ ఆలోచనతోనే 1949లో శుక్లం ఆపరేషన్ చేసిన కంట్లో ఆక్రిలిక్ కటకం అమర్చాడు. మన ఊళ్ళలో అవ్వలకు, తాతలకు శుక్లాలు తీసి లెన్సు పెట్టడం అలా మొదలయింది. అయితే పైలట్‌కు అద్దం పగలడమే కాదు, పగిలిన పెంకు లోపలికి ఎగరడం కూడా అంతే ప్రమాదం. కాబట్టి ఇప్పటి పరీక్షల్లో అద్దం వెనక పలుచని రేకు కట్టి, దానికి ఎన్ని చిల్లులు పడ్డాయో చూస్తారు. అద్దం నిలబడినా రేకు చిల్లులు పడితే ఆ అద్దం పనికిరానట్టే.

పక్షి మెత్తనిదే, వేగమే మెత్తనిది కాదు

విమానం, పక్షి గుద్దుకోవడం విమానమంత పాతది. ఆర్విల్ రైట్ 1905లోనే తన విమానంతో ఒక పక్షిని గుద్దినట్టు రైట్ సోదరుల డైరీలో ఉంది. 1912లో కాల్ రోడ్జర్స్ అనే అమెరికన్ పైలట్ సముద్రపు పక్షి తగిలి విమానం కూలి చనిపోయాడు. మన దేశంలో విమానాశ్రయాల చుట్టూ చెత్తకుప్పలు, మాంసం వ్యర్థాలు ఉన్నచోట గద్దలు తిరగడం ఇప్పటికీ పెద్ద సమస్యే.

తొమ్మిదో తరగతిలో చదివిన గతిజశక్తి సూత్రం గుర్తు చేసుకోండి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. అమెరికా నిబంధనల ప్రకారం పెద్ద ప్రయాణికుల విమానంలో పైలట్ల ఎదుట ఉన్న అద్దం, ఆ విమానం రూపకల్పన చేసిన ప్రయాణ వేగంలో నాలుగు పౌన్ల పక్షి తగిలినా చిల్లు పడకూడదు. నాలుగు పౌన్లంటే సుమారు 1.8 కిలోలు, అంటే బాగా బలిసిన కోడి. వేగం గంటకు 650 కిలోమీటర్లు అనుకుంటే సెకనుకు 180 మీటర్లు. లెక్క వేస్తే 29 వేల జౌళ్ళకు పైగా వస్తుంది. 50 కిలోల సిమెంటు బస్తాను ఇరవై అంతస్తుల మేడ మీద నుంచి, అంటే 60 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేటప్పుడు ఉండే శక్తి అది. మన కిటికీలు పగలగొట్టిన క్రికెట్ బంతిని మంచి ఫాస్ట్ బౌలర్ గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసినా దాని శక్తి 120 జౌళ్ళే.

వేగానికి వర్గం ఉండటం చాలా ముఖ్యం. అదే కోడి గంటకు 460 కిలోమీటర్ల వేగంలో తగిలితే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. పది వేల అడుగుల కంటే కింద విమానాలు ఇంచుమించు ఆ వేగం దాటకూడదని చాలా దేశాల్లో నియమం ఉంది. దానికి ముఖ్య కారణం కింద రద్దీ ఎక్కువ కావడమే గానీ, పక్షులు ఎక్కువగా ఉండేదీ అక్కడే.

మరి మెత్తని పక్షి గట్టి అద్దాన్ని ఎలా పగలగొడుతుంది? ఈతకు వెళ్ళినవాళ్ళకు చెప్పనక్కరలేదు. మెట్ల మీద నుంచి మెల్లగా దిగితే బావి నీళ్ళు మెత్తగానే ఉంటాయి. గట్టు మీద నుంచి పొట్ట ఆనించి పడితే చర్మం ఎర్రగా కందుతుంది. ఆ వేగంలో పక్షి ఎముకలు, కండ అన్నీ కలిసి నీళ్ళలా ప్రవర్తిస్తాయి. సెకనులో వెయ్యో వంతు కాలంలో పక్షి మొత్తం అద్దం మీద పరుచుకుపోతుంది. ఆ సమయంలో అద్దం మీద వాతావరణ పీడనానికి 150 రెట్ల పీడనం ఉంటుంది. మొదట తాకిన క్షణంలో అంతకంటే చాలా ఎక్కువ.

పలక ముక్కతో మొదలు

ఒక్కో విమానం అద్దం ఎంతో ఖరీదైనది. అందుకని ముందు చిన్న ముక్కలతో పరీక్షలు చేస్తారు. మా ల్యాబులో మొదట నేర్పింది ఐజాడ్ పరీక్ష. ఎడ్విన్ ఐజాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేరు మీద వచ్చింది. వేలెడంత ప్లాస్టిక్ పట్టీకి ఒక పక్క రెండున్నర మిల్లీమీటర్ల లోతున గంటు పెడతారు. దాన్ని నిలబెట్టి బిగించి, లోలకానికి ఉన్న సుత్తిని పైనుంచి వదులుతారు. సుత్తి పట్టీని విరగ్గొట్టి అవతలి వైపు ఎంత ఎత్తు లేచిందో చూస్తే, విరగ్గొట్టడానికి ఎంత శక్తి ఖర్చయిందో తెలుస్తుంది.

ఇందులో పాలికార్బొనేట్ వీరుడు. మూడు మిల్లీమీటర్ల మందంలో, ఆక్రిలిక్ కంటే ముప్పై నలభై రెట్ల శక్తిని మింగుతుంది. షాపువాళ్ళు చెప్పే సుత్తి కథ దీని గురించే. మాకు ఆశ్చర్యం వేసింది మరుసటి రోజు. అదే పాలికార్బొనేట్‌ను రెట్టింపు మందం, అంటే ఆరు మిల్లీమీటర్లకు పైన తీసుకుని గంటు పెట్టి కొట్టాం. మందం పెరిగింది కాబట్టి ఇంకా గట్టిగా ఉంటుందనుకున్నాం. ఫటుక్కున విరిగింది. ఒక్కో మిల్లీమీటరు మందానికి లెక్క వేస్తే బలం అయిదో వంతుకు పడిపోయింది. ముందు మా పొరపాటే అనుకుని మళ్ళీ కొట్టాం, మళ్ళీ అంతే. సారు నవ్వి పుస్తకం తెరిచి చూపించారు. పలుచని ముక్కలో గంటు మొన దగ్గర పదార్థం పక్కలకు సాగి దెబ్బను మింగుతుంది. మందపు ముక్క నడుమ ఉన్న పదార్థానికి పక్కలకు సాగే చోటు ఉండదు, అందుకని సాగలేక పగులుతుంది.

రెండో పరీక్ష బరువు పడేయడం. విమానాల పాలికార్బొనేట్ పలకలకు దీని కోసమే ప్రత్యేకంగా ఎ.ఎస్.టి.ఎం. వారి ఎఫ్ 736 అనే ప్రమాణం ఉంది. గంటు ఏమీ పెట్టకుండా పలకను చట్రంలో ఉంచి, గుండ్రని మొన ఉన్న బరువును పైనుంచి వదులుతారు. ఎంత ఎత్తు నుంచి వదిలితే పగులుతుందో కనుక్కోవడానికి మెట్ల పద్ధతి అని ఒకటి ఉంది. పలక పగిలితే తరువాతి పలకకు ఒక మెట్టు కిందికి దిగుతారు, పగలకపోతే ఒక మెట్టు పైకి వెళతారు. ప్రతిసారీ కొత్త పలకే వాడాలి. ఒక దెబ్బ తిన్న పలక పైకి బాగానే కనిపించినా లోపల ఏం జరిగిందో చెప్పలేం. ఈ పద్ధతి యుద్ధకాలంలో అమెరికాలోని బ్రూస్‌టన్ అనే చోట పేలుడు పదార్థాలు ఎంత ఎత్తు నుంచి దెబ్బ పడితే పేలతాయో తెలుసుకోవడానికి పుట్టింది.

చివరికి వచ్చే అంకె, సగం పలకలు పగిలే శక్తి. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. తరగతి సగటు 60 మార్కులు వచ్చినంత మాత్రాన ఎవరూ ఫెయిల్ కాలేదని కాదు కదా! పైలట్ ముందు ఉండేది సగటు అద్దం కాదు, ఏదో ఒక అద్దం. కాబట్టి సగటుతోపాటు అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో కూడా చూస్తారు. మా అభిప్రాయంలో పరీక్ష నివేదికలో మొదట చదవాల్సింది ఆ చెదురే.

ఈ రెండు పరీక్షలకూ ఒక పెద్ద లోటు ఉంది. ఐజాడ్ సుత్తి వేగం సెకనుకు సుమారు మూడున్నర మీటర్లు. పక్షి వేగం దానికి యాభై రెట్లు. ప్లాస్టిక్ అణువులు పొడవాటి దారాల్లాంటివి. ఒకదాని మీద ఒకటి జారడానికి వాటికి సమయం కావాలి. బెల్లం పాకం ముద్దను మెల్లగా లాగితే సాగుతుంది. అదే ముద్దను రాయికేసి కొడితే ముక్కలవుతుంది. చల్లారిన కొద్దీ ఇంకా తొందరగా విరుగుతుంది. ప్లాస్టిక్‌లోనూ వేగం పెరగడం, చలి పెరగడం రెండూ ఒకే పని చేస్తాయి. 35 వేల అడుగుల ఎత్తున బయట సున్నాకు దిగువన 54 డిగ్రీల చలి ఉంటుంది. అందుకని మెల్లగా కొట్టి గట్టిదని తేల్చిన పదార్థాన్ని, నిజమైన వేగంలో మళ్ళీ కొట్టి చూడక తప్పదు.

కోడి తుపాకి

అలా పుట్టింది పక్షి తుపాకి. అమెరికా పౌర విమానయాన సంస్థ వెస్టింగ్‌హౌస్ కంపెనీతో కలిసి 1942లో మొదలుపెట్టిన పరీక్షల్లో గాలి ఒత్తిడితో చచ్చిన పక్షులను అద్దాల మీదికి వదిలారు. ఆ పరీక్షల్లో తేలిన ముఖ్య విషయం ఏమిటంటే, గాజు పొరల మధ్య ఉండే వినైల్ ప్లాస్టిక్ పొరే పక్షిని ఆపుతుంది. గాజు పగిలినా ఈ పొర సంచిలా సాగి పక్షిని పట్టుకుంటుంది. కానీ అది వెచ్చగా ఉంటేనే సాగుతుంది, చల్లబడితే పెళుసు. పైలట్ అద్దానికి కరెంటుతో వేడి పెట్టేది మంచు కరగడానికే అని చాలామంది అనుకుంటారు. దెబ్బ తట్టుకోవడానికి కూడా ఆ వేడి కావాలి. బోయింగ్ 737లో అద్దం వేడి పనిచేయకపోతే పది వేల అడుగుల దిగువన వేగం తగ్గించి నడపాలని పైలట్‌కు సూచన ఉండేది ఇందుకే.

తుపాకి అమరిక వినడానికి సులువే. ఒక పెద్ద ట్యాంకులో గాలిని ఒత్తిడితో నింపుతారు. ట్యాంకుకూ పొడవాటి గొట్టానికీ మధ్య పలుచని పొర అడ్డం ఉంటుంది. కోడిని గుడ్డ సంచిలో చుట్టి, గొట్టానికి సరిపడే తేలికైన డొప్పలో పెడతారు. పొర చిరగగానే గాలి డొప్పను తోస్తుంది. గొట్టం చివర డొప్ప ఆగిపోతుంది, కోడి ఒక్కటే ముందుకు పోతుంది. దారిలో రెండు కాంతి రేఖలు ఉంటాయి. వాటి మధ్య దూరం ఒక మీటరు, కోడి దాటడానికి పట్టిన కాలం సెకనులో వెయ్యో వంతులు అయిదున్నర అయితే, వేగం సెకనుకు 180 మీటర్లని లెక్క. సెకనుకు వేల ఫొటోలు తీసే కెమెరాలు అద్దం ఎలా వంగిందో పట్టుకుంటాయి.

పండగకు ఎప్పుడో ఒకసారి కోడికూర దొరికే హాస్టల్లో పెరిగినవాళ్ళం. కోడిని తుపాకిలో పెట్టి కాలుస్తారని మొదటిసారి విన్నప్పుడు మా కడుపు మండిన మాట నిజం. ఇప్పుడు చాలాచోట్ల కోడికి బదులు జిలటిన్ ముద్దను వాడుతున్నారు. దాని సాంద్రత పక్షి ఒంటి సాంద్రతకు సమానంగా ఉండేలా కలిపి, రెండు కొసలూ గుండ్రంగా ఉన్న స్తంభంలా పోత పోస్తారు. ఏ రెండు కోళ్ళూ ఒకలా ఉండవు, జిలటిన్ ముద్దలు ఒకలా ఉంటాయి. అది శాస్త్రీయమైన కారణం. కోళ్ళకు కూడా మంచిదే.

ఎవరో ఈ తుపాకిని అరువు తెచ్చుకుని కోడి పేల్చితే అద్దం, సీటు, వెనక గోడ అన్నీ చిల్లులు పడ్డాయనీ, సలహా అడిగితే “ముందు కోడిని ఐసులోంచి తీసి కరగనివ్వండి” అని జవాబు వచ్చిందనీ ఒక కథ ఇంజనీర్లందరూ చెప్పుకుంటారు. ఒక్కొక్కరు ఒక్కో దేశం పేరు పెట్టి చెబుతారు. అది కట్టుకథే. కానీ మాకు నచ్చిన కథ, ఎందుకంటే అందులో తప్పు అద్దానిది కాదు, పరీక్ష చేసినవాడిది.

నిజమైన పరీక్షలో అద్దాన్ని ఒంటరిగా కొట్టరు. విమానంలో ఉండే అసలు చట్రంలో, అసలు బోల్టులతో బిగించే కొడతారు. అద్దం నిలబడి చట్రం ఊడి వచ్చిన సందర్భాలు ఉంటాయి. నడిమధ్య ఒకసారి, మూలల దగ్గర ఒకసారి, వేడిలో, చలిలో వేరువేరుగా కొడతారు. యుద్ధవిమానాల పాలికార్బొనేట్ కప్పుకు ఇంకో చిక్కుంది. అది పగలదు గానీ దెబ్బకు అలలా లోపలికి వంగుతుంది. ఆ అల పైలట్ హెల్మెట్‌కు తగలకూడదు. తగలనంత గట్టిగా చేస్తే బరువు, మెత్తగా చేస్తే తలకు దెబ్బ. అమెరికా వారి ఎఫ్-111 అనే యుద్ధవిమానాలు నేలకు దగ్గరగా అతివేగంగా ఎగిరేవి. పక్షులు గాజు అద్దాలను చీల్చుకుని లోపలికి రావడం వల్ల కొన్ని విమానాలు కూలాయి. ఆ తరువాత వాటికి పాలికార్బొనేట్ పొరలు ఉన్న అద్దాలు పెట్టారు.

మన దేశంలో బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్‌లో ఇలాంటి గాలి తుపాకి ఉంది.

ఇంత చేసినా హామీ నాలుగు పౌన్ల పక్షి వరకే. మన రాబందు అయిదారు కిలోలు తూగుతుంది. 1973లో పశ్చిమాఫ్రికాలోని అబీజాన్ మీద 37 వేల అడుగుల ఎత్తున ఒక రాబందు విమానానికి తగిలింది. అన్ని పక్షులనూ ఆపే అద్దం పెడితే విమానం లేవదు. ఎంత ప్రమాదాన్ని ఒప్పుకోవాలో నిబంధన నిర్ణయిస్తుంది, నిబంధన మేరకు అద్దం ఉందా లేదా అన్నది మాత్రమే పరీక్ష చెబుతుంది. ప్రయాణికుల కిటికీల సంగతి వేరు. వాటిని లోపలి గాలి ఒత్తిడి తట్టుకునేలా చేస్తారు, పైలట్ అద్దంలా పక్షి దెబ్బ కోసం కాదు. 2018 ఏప్రిల్‌లో అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ విమానం ఇంజన్‌లో ఒక రెక్క విరిగి, ఇంజన్ కవచం ముక్క కిటికీ పక్కన తగిలింది. కిటికీ ఊడిపోయి, దాని పక్కన కూర్చున్న ఒక ప్రయాణికురాలు చనిపోయింది.

మళ్ళీ మన కిటికీ

కొత్త అద్దం పరీక్షలో నెగ్గితే చాలదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలికార్బొనేట్‌ను పచ్చబరిచి పెళుసు చేస్తాయి. అది తొందరగా గీతలు పడుతుంది కూడా. గీతలు పడకుండా గట్టి పూత పూస్తారు. ఆ పూత ఎండకు పెళుసెక్కితే, అందులో పుట్టిన సన్నని పగులు కింద ఉన్న మంచి పాలికార్బొనేట్‌లోకి దిగి, ఐజాడ్ గంటులా పని చేస్తుంది. కాపాడడానికి పూసిన పూతే కొంప ముంచగలదు. అందుకని ఏళ్ళ తరబడి ఎగిరిన విమానాల అద్దాలను విప్పి తెచ్చి వాటినీ కొట్టి చూస్తారు.

ఆక్రిలిక్‌కు శత్రువు థిన్నరు. పెట్రోలు, అసిటోన్, థిన్నరు వంటివి తగిలినప్పుడు, అప్పటికే లాగుడులో ఉన్న ఆక్రిలిక్ మీద వెంట్రుకల కంటే సన్నని పగుళ్ళు వస్తాయి. నేరుగా చూస్తే కనిపించవు, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే వెండి దారాల్లా మెరుస్తాయి. విమానాల అద్దాలకు ఈ పరీక్ష కూడా విడిగా ఉంది. పలకను వంచి లాగుడులో పెట్టి, పైన ఆ ద్రవం రాసి, పగుళ్ళు ఎప్పుడు మొదలవుతాయో చూస్తారు. అద్దాలను సబ్బునీళ్ళతో, మెత్తని నూలుగుడ్డతో మాత్రమే తుడవాలని మెకానిక్కులకు నేర్పేది అందుకే.

ఇక లెక్క చూడండి. మన కిటికీది ఆక్రిలిక్, షాపువాడు చెప్పిన సుత్తి కథ పాలికార్బొనేట్‌ది. వడ్రంగి వేసిన బెజ్జాల అంచులు గరుకు, అంటే నాలుగు మూలలా నాలుగు గంటులు. ప్లాస్టిక్ చలికి ముడుచుకుని వేడికి సాగుతుంది. దానికి చోటు లేకుండా స్క్రూలు బిగించారు. విమానాల్లో అయితే బెజ్జాన్ని నున్నగా చేసి, స్క్రూ కంటే కాస్త వదులుగా ఉంచుతారు. లాగుడులో ఉన్న ఆ అద్దం మీద థిన్నరు పూశారు. జనవరి తెల్లవారుజామున చలి. బంతి తగిలినప్పుడు అద్దానికి ఈ జబ్బులేవీ ఇంకా పట్టలేదు. పిల్లవాడు రెక్క లాగేసరికి అన్నీ పట్టి ఉన్నాయి. వాడు కాకపోతే మరునాడు ఇంకొకరు, లేదా గాలి.

ఇది ఊహ కాదు. ఆ చీలిన అద్దం ముక్కతో మాలో ఒకరు స్కేలు చేసుకుని ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. దాని మూలన సగం బెజ్జం ఉంది. డిప్లొమా రెండో ఏట సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు దాన్ని తీసి దీపం వెలుతురులో ఏటవాలుగా పట్టి చూశాం. బెజ్జం చుట్టూ సూర్యకిరణాల్లా సన్నని గీతలు. చీలిక మొదలైంది కూడా ఆ గీతల్లో ఒకదాని నుంచే.

తమ్ముళ్ళూ, మీలో ఎవరికైనా ఈ పని మీద ఆసక్తి ఉంటే, హైదరాబాద్ చర్లపల్లిలోనూ విజయవాడలోనూ సిపెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. పదో తరగతి పాసైనవాళ్ళకు ప్లాస్టిక్స్ టెక్నాలజీలో మూడేళ్ళ డిప్లొమా ఉంటుంది, ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంకో చిన్న పని ఇప్పుడే చేయవచ్చు. కంప్యూటరు ఎల్.సి.డి. తెర మీద తెల్లని పేజీ పెట్టి, మీ కంపాస్ పెట్టెలోని ప్లాస్టిక్ కోణమానినిని దాని ముందు పట్టుకుని, పోలరాయిడ్ చలువ కళ్ళద్దాల్లోంచి చూడండి. కనిపించే ఇంద్రధనస్సు రంగులు ఆ ప్లాస్టిక్‌లో బిగుసుకుని ఉన్న లాగుడు.

ఆ ఏడో తరగతి తమ్ముడికి ఈ సంచిక అందుతుందో లేదో తెలియదు. అందితే ఇది చదువు తమ్ముడూ. అద్దం నీ చేతిలో చీలింది గానీ నువ్వు పగలగొట్టలేదు. అప్పుడు మేము ముగ్గురం విన్నది చెప్పి ఉండాల్సింది. నీ మూడు నెలల కాస్మెటిక్ చార్జీలు మా మీద బాకీ ఉన్నాయి. పూర్వ విద్యార్థుల సమావేశానికి రా, ఆ స్కేలు కూడా తెస్తాం.